చెట్టులేని తీరంలో వనభోజనం

కార్తీక మాసంలో వనభోజనానికి ఎవరైనా చెట్టున్న చోటికి వెళ్తారు. మేము ఇంగ్లండంతా వెతికి చెట్టన్నదే లేని చోటికి వెళ్ళేవాళ్ళం. చెట్టుని కారులో పెట్టుకుని మాతో తీసుకెళ్ళేవాళ్ళం.

నవ్వేవాళ్ళు నవ్వండి. మొదటి ఏడు నేనూ నవ్వాను. కారు దిగాక ఆ గాలికి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నవ్వు దానంతటదే ఆగింది.

ఆ చోటి పేరు డంజనెస్. కెంట్ తీరంలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన గులకరాళ్ళ నేల. ఇసుక కాదు, మట్టి కాదు, మైళ్ళ తరబడి రాళ్ళే. ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క ఎడారి ఇదేనంటారు జనం. అంత వాన పడే చోటు ఎడారి ఎలా అవుతుందంటారు లెక్కలు తెలిసినవాళ్ళు. అక్కడొకటీ ఇక్కడొకటీ నల్ల తారు పూసిన చెక్క ఇళ్ళు, ఒడ్డుకి లాగి వదిలేసిన చేపల పడవలు, తుప్పు పట్టిన ఇనప పట్టాలు, రెండు లైట్‌హౌసులు, వెనకాల అణువిద్యుత్ కేంద్రం. రెండడుగులు వేస్తే రాళ్ళు జారి ఒకడుగు వెనక్కి వస్తాం. మిగతాదంతా ఆకాశం.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మమ్మల్ని అక్కడికి నడిపించింది డాక్టరాంటీ. ఈస్ట్ హామ్‌లో మాది కింద ఫ్లాటు, ఆవిడది పై ఫ్లాటు. వరంగల్ వైపు మనిషి. హైదరాబాదులో చదువుకుని, చిన్న వయసులోనే ఇక్కడి ఆసుపత్రిలో చేరి, రిటైరయ్యేదాకా మత్తు డాక్టరుగా పని చేసింది. భర్త నేను రాకముందే పోయారు, పిల్లలు లేరు. నేను కాకినాడ నుంచి కొత్త పెళ్ళికూతురిగా దిగినప్పుడు ఏ బస్సు ఎక్కాలో, జీపీ అనే పేట డాక్టరు దగ్గర పేరెలా రాయించుకోవాలో, పక్కింటివాళ్ళు వాతావరణం గురించి మాట్లాడితే ఏమని బదులివ్వాలో అన్నీ ఆవిడే నేర్పింది. నా కడుపు నిలవని రెండుసార్లూ నా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది ఆవిడే. నాకీ దేశంలో పుట్టిల్లంటూ ఉంటే అది మెట్లెక్కితే వచ్చే ఆ పై ఫ్లాటే.

అంతకుముందు వనభోజనానికి లండన్ అంచున ఉన్న ఒక అడవికి వెళ్ళేవాళ్ళం. ఉసిరి లేకపోయినా ఓక్ చెట్లున్నాయి కదా అని సర్దుకున్నాం. ఒక ఏడు ఓక్ కింద ప్రమిద వెలిగించగానే అడవి చూసుకునే ఆయన వచ్చి, చాలా మర్యాదగా, ఇక్కడ నిప్పు పెట్టకూడదని చెప్పాడు. ఎండుటాకుల్లో నిప్పేంటని నాకూ అనిపించింది. ఆంటీ మాత్రం తిరుగు దారంతా ఆలోచిస్తూ కూర్చుని, ఇల్లు చేరే వేళకి తేల్చేసింది.

"చెట్లున్న కాడ దీపం పెట్టనియ్యరు. దీపం పెట్టనిచ్చే కాడ చెట్లుండయి. అయితే ఏమాయె, మన చెట్టు మనమే తీస్కపోదాం."

ఆవిడ కిటికీలో ఒక ఉసిరి మొక్క ఉండేది. గ్రీన్ స్ట్రీట్‌లో మనవాళ్ళ కొట్లో కొన్న ఉసిరికాయల గింజలు నాటితే ఒక్కటే మొలిచింది. దాన్ని పెద్ద పెరుగు బకెట్‌లో పెంచింది. ఇన్నేళ్ళకీ నా నడుము దాటి ఎదగలేదు. పొద్దు వాలితే దాని ఆకులు ముడుచుకుంటాయి. "పేషెంట్ పండుకున్నది" అనేది ఆంటీ. పొద్దున్నే విచ్చుకుంటే "లేచింది" అనేది. నేనూ మా ఆయనా ఊరెళ్తే మొక్కలకి నీళ్ళు పొయ్యమని పక్కవాళ్ళకి చెప్పి వెళ్తాం. ఆవిడ మొక్కని వదిలి అసలు ఊరే వెళ్ళేది కాదు.

వనభోజనమంటే ఉసిరి నీడన తినాలి. మా ఉసిరికి నీడ అరిచేయంత. అందుకని ఆంటీ ఒక పద్ధతి పెట్టింది. ఒక్కొక్కరం మన కంచాన్ని ఆ అరిచేయంత నీడలోకి తెచ్చి కాసేపు పట్టుకోవాలి. అన్నం మీద ఆకుల నీడ పడాలి. అప్పుడు పక్కకెళ్ళి తినొచ్చు. దూరం నుంచి చూసేవాళ్ళకి మేం ముగ్గురం వంతులవారీగా ఒక బకెట్‌కి భోజనం చూపిస్తున్నట్టు ఉండేది. కుక్కని తిప్పడానికొచ్చిన ఒకాయన ఆగి, కాసేపు చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నీడకి ఎండ కావాలి. ఇక్కడి నవంబరులో సూర్యుడి డ్యూటీ రోటా ఎవరికీ తెలియదు. కార్తీక సోమవారం మంచిదే గానీ సెలవెవడిస్తాడు, అందుకని మేం ఆదివారమే వెళ్ళేవాళ్ళం. ఒక్కోసారి కారులో హీటర్ వేసుకుని, ఒళ్ళో టిఫిన్ డబ్బాలు పెట్టుకుని, మేఘం కదిలేదాకా గంటలు కూర్చున్నాం. కానీ ఎప్పుడో ఒకప్పుడు కాస్త ఎండ వచ్చేది. ఏ ఏడూ నీడ తప్పలేదు.

పులిహోర, దద్దోజనం నేను చేసేదాన్ని. ఆంటీ సగం వంట తెచ్చేది. సగం వంటంటే ఏమిటో చెప్పాలి.

మత్తు ఎక్కించేటప్పుడు మామూలుగా రోగిని అంకెలు లెక్కపెట్టమంటారట. ఆంటీ అలా అనేది కాదు. అంకెలు చెప్పేవాడు భయపడుతూ చెప్తాడు, వంట చెప్పేవాడు భయం మర్చిపోతాడు అనేది. "నీకిష్టమైన వంట ఎట్ల జేస్తరో చెప్పు" అని అడిగేది. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు. ఎవ్వరూ పూర్తి చేసేవాళ్ళు కాదు, మధ్యలో నిద్రపోయేవాళ్ళు. అలా ఆవిడకి ప్రపంచంలోని వంటలన్నీ సగం దాకా వచ్చు. పోలండు ఆవిడ చెప్పిన బీట్‌రూట్ సూపు దుంపలు ఉడికేదాకా వచ్చు, అక్కణ్ణుంచి రసం పొడి వేసి దించేది. జమైకా తాతగారి రాజ్మా అన్నం కొబ్బరిపాలు పోసేదాకా వచ్చు, ఆ తర్వాత అది మన కొబ్బరన్నం అయిపోయేది. బంగాళదుంప ముద్ద పరిచి చేసే ఇంగ్లీషువాళ్ళ మాంసం కూర ఒకటుంది. కార్తీకమని మాంసం బదులు శనగలు వేసి, దుంపల సంగతి ఎవరూ చెప్పలేదని దాని మీద ఇడ్లీపిండి పోసి ఆవిరి పట్టింది. మా ఆయన దాన్ని రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ తలచుకుంటే అదోలా ఉంటుంది.

భోజనం అయ్యాక పక్క ఊరి రేవుకి వెళ్ళి పడవ ఎక్కేవాళ్ళం. పడవాయన ఒకప్పుడు చేపలు పట్టేవాడు, ఇప్పుడు జనాన్ని తిప్పుతున్నాడు. మొక్కని కారులో వదిలేస్తే చలికి చస్తుందని ఆంటీ దాన్ని కూడా పడవెక్కించేది. మొదటిసారి అతను ఆ బకెట్ వంక, మా వంక చూసి, లోపలికెళ్ళి చిన్నపిల్లల లైఫ్ జాకెట్ తెచ్చి బకెట్‌కి తొడిగాడు. "నా పడవలో అందరికీ ఒకే రూలు" అన్నాడు. అప్పటినుంచీ ప్రతి ఏడూ తొడిగేవాడు.

ఆ పడవ ప్రయాణాలు నాకు మొదట్లో నరకం. కాకినాడ పిల్లవి, సముద్రం పక్కన పుట్టావు, నీకు కళ్ళు తిరగడమేంటే అని మా ఆయన ఎగతాళి. సముద్రం పక్కన పుట్టాను గానీ సముద్రంలో పుట్టలేదు కదా. రెండో ఏడాదికి అలవాటు పడ్డాను, అప్పుడు చూడ్డం మొదలుపెట్టాను. ఒక పక్క కోసేసినట్టున్న తెల్ల కొండలు, వాటి కింద విరిగిపడ్డ బండలు, ఇసుక తిన్నెల మీద బద్ధకంగా దొర్లుతున్న సీల్ చేపలు. వాటిని చేపలంటే పడవాయన ఒప్పుకోడు, అవి మనలాగే పాలిచ్చి పెంచే జంతువులంటాడు. పడవ చుట్టు తిరిగి వస్తే మేం పొద్దున నడిచిన రాళ్ళ ఎడారి దూరంగా ఒక గీతలా కనిపించేది. అంత కష్టపడి నడిచిన నేల నీళ్ళ మీంచి చూస్తే ఏమీ లేనట్టుంటుంది. మేం అక్కడ కూర్చుని తిన్నామా అనిపించేది.

ఇదంతా చాలా ఏళ్ళు సాగింది. మా అమ్మాయి చిన్నప్పుడు వచ్చేది, ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో చదువుకుంటోంది. "ఇట్స్ ఫ్రీజింగ్, మమ్మీ" అని ఫోన్‌లోనే దణ్ణం పెట్టేస్తుంది.

పోయిన ఏడు ఎండాకాలంలో ఆంటీకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో ఒక కవాటం బాగా ఇరుకైపోయిందన్నారు. ఛాతీ తెరిచి కొత్తది పెట్టాలి, పెట్టకపోతే ఇంకో చలికాలం చూడడం కష్టమని మొహమాటం లేకుండా చెప్పేశారు. డాక్టరుకి డాక్టర్లు అలాగే చెప్తారు కాబోలు. ఆపరేషన్ కార్తీకంలో ఒక మంగళవారానికి కుదిరింది. వనభోజనం దాని ముందరి ఆదివారం.

ఆ గురువారం సాయంత్రం ఆవిడ కిందికి దిగొచ్చి, మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, టీ సగం తాగి పక్కన పెట్టింది.

"సోమవారం పొద్దుగాల ఫోన్ జేసి ఆపరేషన్ వద్దని చెప్త" అంది.

నాకు ఒళ్ళు మండింది. నేను ఒక జీపీ క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. వాయిదా వేసుకునేవాళ్ళ గొంతులు నాకు తెలుసు. ఈ వారం మనవరాలి బారసాల అంటారు, వచ్చే నెల చూద్దామంటారు. కొన్నాళ్ళకి అదే నంబరు నుంచి వాళ్ళ పిల్లలు ఫోన్ చేస్తారు, ఆ గొంతులు కూడా నాకు తెలుసు.

"మీరు డాక్టరు ఆంటీ. మీరే ఇలా అంటే ఎలాగండీ?"

"డాక్టర్ను గనకనే అంటున్న. నీకు తెల్వది. ఎంతమందిని పండుకోబెట్టిన్నో నాకే లెక్క తెల్వది. నన్ను ఎవ్వరూ పండుకోబెట్టలే ఇప్పటిదాకా. శానమంది ఏడ ఆగుతరో తెలుసా? ఉల్లిగడ్డ కాడ. ఉల్లిగడ్డ కోసి అంటరు, ఇగ మాట ఉండదు. నేను గూడ గట్లనే ఉల్లిగడ్డ కాడ ఆగిపోత. అటెన్క ఏమైతదో అందరికన్న నాకే ఎక్కువ తెలుసు."

"వాళ్ళందరూ లేచారు కదా?"

ఆవిడ మిగిలిన టీ తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. అందరూ లేవలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ ప్రశ్న అడిగినందుకు నా నాలుక కొరుక్కున్నాను.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఆదివారం నీడ పడితే ఆపరేషన్‌కు పోత. పడకపోతే ఫోన్ జేస్త" అంది.

ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇక ఎవరు చెప్పినా వినదు. నేను పైకెళ్ళి మొక్కని చూసొచ్చాను. రేడియేటర్ వేడికో, వయసుకో, ఆకులన్నీ రాలిపోయి రెండు రెమ్మలు మిగిలాయి. ఫోన్‌లో వాతావరణం చూస్తే ఆదివారమంతా మబ్బు బొమ్మలే. ఆ రాత్రి మా ఆయనతో గొడవ పెట్టుకున్నాను, ఆయన తప్పేం లేకపోయినా. ఎవరిమీదో ఒకరి మీద అరవాలి కదా.

మా ఆయన లండన్ నేల కింద నడిచే ట్యూబ్ రైళ్ళకి కరెంటు పనులు చేస్తాడు. దేవుడూ దెయ్యం నమ్మడు. "ఎండ పడకపోతే ఆపరేషన్ మానేస్తారా? ఏం చాదస్తమే ఇది? అయినా కందకి లేని దురద కత్తిపీటకెందుకు, ఆవిడ గుండె ఆవిడిష్టం" అన్నాడు. అని, అటు తిరిగి పడుకున్నాడు. ఆయనా నిద్రపోలేదు, నాకు తెలుసు.

ఆదివారం బయల్దేరాం. ఆంటీ ముందు సీట్లో ఒళ్ళో బకెట్ పట్టుకుని కూర్చుంది, నేను వెనక పులిహోరతో. దారి పొడుగునా నేను ఆకాశం వంక చూస్తూ, ఎక్కడైనా ఒక చిల్లు పడుతుందేమోనని వెతుకుతూనే ఉన్నాను. దేవుణ్ణి ఏమీ అడగని మనిషిని కాదు గానీ, ఇంత చిన్న కోరిక ఎప్పుడూ అడగలేదు. కాస్త ఎండ, అంతే.

డంజనెస్‌లో ఆకాశం, సముద్రం, రాళ్ళు అన్నీ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. కారు తలుపు తియ్యగానే గాలి దాన్ని లాగేసుకుంది. ఆంటీ బకెట్‌తో దిగింది. రాళ్ళ మీద నాలుగడుగులు వేసేసరికి మిగిలిన రెండు రెమ్మల ఆకులూ పొడి రాలినట్టు రాలి ఎగిరిపోయాయి. ఆవిడ వాటి వెనకాల చూడను కూడా చూడలేదు. ఉత్త పుల్లల్ని పట్టుకుని నిలబడింది.

నేను ఏడ్చేశాను. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని చెప్పాను, ఆవిడ నమ్మినట్టు తలాడించింది.

"ఇటు రా, ఇది చూడు" అని నన్ను పక్కకి పిలిచింది. రాళ్ళ మీద ఒక ముళ్ళపొద చాపలా పరుచుకుని ఉంది. అంతెత్తు పెరగాల్సిన చెట్టే ఇక్కడి గాలికి నిలబడలేక నేలకంటుకుని పాకుతూ పెరుగుతుందట. దాని నల్లటి కొమ్మలు రాళ్ళని పట్టుకుని ఉన్నాయి, సందుల్లో నీలంగా చిన్న చిన్న పళ్ళు. ఆంటీ ఒకటి కోసి నోట్లో వేసుకుని మొహం ముడిచింది. నేనూ తిన్నాను. పచ్చి నేరేడు కన్నా వగరు, నాలుక మొద్దుబారిపోయింది.

"ఇన్నేండ్లు వస్తున్నం, చెట్లు లెవ్వు లెవ్వు అనుకున్నం. ఉన్నయి. పండుకొని ఉన్నయి" అంది.

ఆ మాట ఎటు తీసుకోవాలో నాకు తెలియలేదు. చెట్టు పడుకుని కూడా బతుకుతోంది కదా అని నేను అందామనుకున్నాను. కానీ ఆవిడ మొహం చూస్తే అలాంటి ఓదార్పు మాటలకి లొంగేలా లేదు. మేం మళ్ళీ కారులో కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. డబ్బాలు విప్పలేదు, మేఘం కదల్లేదు. చివరికి ఆవిడే, "పడవాయన ఎదురు చూస్తుంటడు, పోదాం పా" అంది. తినకుండానే బయల్దేరాం. వనభోజనానికి వెళ్ళి అన్నం ముట్టుకోకుండా లేవడం నా జీవితంలో అదే మొదటిసారి.

రేవులో పడవాయన మొక్కని చూసి, "మా ప్యాసింజరు ఈసారి బట్టలు విప్పేసిందేం?" అన్నాడు. ఎవరం నవ్వలేదు. అతను మా మొహాలు చూసి బకెట్‌కి లైఫ్ జాకెట్ తొడిగి ముడేశాడు.

రేవు దాటగానే అలలు లేచాయి. నీళ్ళు మీదకి కొడుతుంటే అతను మమ్మల్ని పైన కూర్చోవద్దని కింద ఉన్న చిన్న గదిలోకి పంపించాడు. తాళ్ళు, గొడుగులు, టీ కెటిల్ పెట్టుకునే గది. ఒక చిన్న గుండ్రటి కిటికీ, అందులోంచి వచ్చే వెలుతురు అంతంత మాత్రం. ముగ్గురం మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. బకెట్ మధ్యలో ఉంది. ఎవరి ఆకలి వాళ్ళకి తెలుస్తోంది, ఎవరూ డబ్బా వైపు చూడటం లేదు.

అప్పుడు మా ఆయన కోటు జేబులోంచి డ్యూటీ టార్చి తీశాడు. సొరంగాల్లో తలకి కట్టుకునేది, ఆదివారం కూడా ఆయన జేబులోనే ఉంటుంది. నా చేతిలోంచి కంచం తీసుకుని, పులిహోర పెట్టి, ఆంటీ చేతికిచ్చాడు. టార్చి వెలిగించి మొక్క వెనకాల పట్టుకున్నాడు. ఉత్త పుల్లల నీడ, సన్నగా, కొమ్మా కొమ్మా విడివిడిగా, ఆవిడ కంచంలో అన్నం మీద పడింది.

ఆంటీ దాని వంక చూసి, "ఇది ఎండ గాదు గదరా" అంది.

"నీడకి ఎండే కావాలని ఎక్కడుందండీ? ఆపరేషన్ థియేటర్లో మీరు అన్నేళ్ళు పని చేశారు, అక్కడికి ఎప్పుడైనా సూర్యుడొచ్చాడా? లైటే కదా."

"థియేటర్ల లైటుకు నీడ పడది" అంది ఆంటీ. "నీడ పడకుండ చేస్తరు దాన్ని. అన్ని దిక్కులకెల్లి వెలుగు వస్తది. డాక్టర్ చెయ్యి అడ్డం బెట్టినా నీడ ఉండది. గంత వెలుగుల పండుకోవాలంటే..." అని ఆగింది.

పడవ ఊగుతోంది, దానితో పాటు కంచంలో నీడ కూడా. మా ఆయన చెయ్యి దించలేదు. నమ్మకం లేని మనిషి, అలా వంగి కూర్చుని, నడుం పట్టేస్తున్నా కదలకుండా ఆ టార్చి పట్టుకుని ఉన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. మళ్ళీ చెప్తే నెత్తికెక్కుతాడని ఆయనకి చెప్పలేదు.

ఆంటీ చాలాసేపు చూసింది. ఆ తర్వాత నీడ పడ్డ చోటే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, "ఇంగువ ఎక్కువేసినవు" అంది నాతో.

మేం కూడా కంచాలు టార్చి కిందికి తెచ్చి తిన్నాం. తింటూ తింటూ ఆవిడ ఉన్నట్టుండి, "పచ్చిపులుసు జెప్త" అంది.

"ఏంటండీ?"

"మంగళవారం అడుగుతరు గద. ముందుగాలే చెప్పి పెట్టిన ఆ మత్తు డాక్టరమ్మకు, అంకెలు అడగొద్దు, వంట అడుగు అని. అన్నిట్ల పొట్టి వంట పచ్చిపులుసు. పొయ్యి మీద ఉడకబెట్టేది లేదు. జెల్ది జెల్ది చెప్తే ఉల్లిగడ్డ దాటుతనేమో. నువ్వు విను." గొంతు సవరించుకుంది. "చింతపండు నానబెట్టి పిసకాలె. నీళ్ళు పొయ్యాలె. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలపాలె. ఉప్పు, బెల్లం. ఉల్లిగడ్డ సన్నగ కోసి చేత్తోని పిసికి వెయ్యాలె. నువ్వుల పొడి..."

"పచ్చిపులుసులో నువ్వుల పొడేంటండీ? మేం వెయ్యం."

"మీరు వెయ్యకుంటే మీ ఖర్మ. నడుమ అడ్డం రాకు, టైం అయిపోతది."

మళ్ళీ మొదట్నించీ చెప్పింది. నేను మళ్ళీ నువ్వుల దగ్గర ఆపాను. ఆవిడ నా చేతి మీద ఒక్కటి వేసింది. మా ఆయన టార్చి పట్టుకునే నవ్వాడు, నీడ కంచాల మీద గెంతులేసింది. మూడోసారి పోపు పోసి మూత పెట్టేదాకా చెప్పింది. ఆ గదిలో, ఆ తాళ్ళ వాసనలో, ఆ పెద్దమనిషి పోటీ పరీక్షకి చదివినట్టు పచ్చిపులుసు వల్లె వేస్తుంటే నాకు అర్థమైంది, సోమవారం ఫోన్ చెయ్యదని. పైకి వచ్చేసరికి పడవ వెనక్కి తిరిగింది. రాళ్ళ ఎడారి దూరంగా గీతలా ఉంది, ఆ గీత మీద మేం చూసిన చెట్లు పడుకుని ఉన్నాయని ఆ రోజు నాకు తెలుసు.

మంగళవారం ఆసుపత్రి కారిడార్లో కూర్చున్నాను. మా క్లినిక్‌లో సెలవు అడిగితే ఎవరికి ఆపరేషన్ అన్నారు. పై ఫ్లాటు ఆవిడకి అంటే సెలవివ్వరు, అమ్మకి అన్నాను. అది అబద్ధమని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. సాయంత్రం సర్జన్ వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పాడు. కానీ నిద్ర లేచేదాకా నేను నమ్మలేదు. గొట్టాలు, యంత్రాలు, ఆ మధ్యలో ఎప్పుడూ చూడనంత చిన్నగా ఆవిడ. నేను కిటికీ పక్కన నిలబడి, లేవండి ఆంటీ, లేవండి అని మనసులో అరుస్తూనే ఉన్నాను.

మర్నాడు కళ్ళు తెరిచింది. గొట్టం తీశాక గొంతు పూర్తిగా పోయి గాలే వస్తోంది. సాయంత్రం మంచం పక్కన కూర్చుని పెదాలకి నీళ్ళు తడుపుతుంటే, డ్యూటీ దిగి ఇంటికెళ్ళే వేళకి, బ్యాగు భుజాన వేసుకుని ఒకమ్మాయి వచ్చింది. మత్తు డాక్టరు. ఐర్లండ్ పిల్ల, చాలా చిన్నది, మా అమ్మాయికన్నా కొంచెం పెద్దదేమో.

ఆంటీ చెయ్యి పట్టుకుని, "నిన్న ఉల్లిపాయని చేత్తో పిసకాలన్నారు. అక్కడ నిద్రపోయారు. రాత్రంతా అదే ఆలోచన నాకు. పిసికాక ఏం చెయ్యాలి?" అని అడిగింది.

ఆంటీ నోరు తెరిచింది, మాట రాలేదు. నా వైపు చూసింది. నువ్వు చెప్పు అన్నట్టు వేలు ఆడించింది.

చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, నిదానంగా. ఉల్లిపాయలు నీళ్ళల్లో వెయ్యాలి అన్నాను. తర్వాత, నా నోటితో నేనే, నువ్వుల పొడి వెయ్యాలి అన్నాను. ఆంటీ కళ్ళు మూసుకునే పెదాల చివర నవ్వింది. కొత్తిమీర, ఆ తర్వాత నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు. పోపు చుయ్యిమని పులుసులో పొయ్యాలి, వెంటనే మూత పెట్టాలి. వేడి అన్నంలో తినాలి. అంతే, అయిపోయింది అన్నాను. ఆ అమ్మాయి థాంక్యూ చెప్పి, ఆంటీ దుప్పటి సర్ది వెళ్ళింది.

ఆ అమ్మాయి వెళ్ళాక ఆంటీ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

"మూత ఎందుకు పెట్టమన్ననో చెప్పలే నువ్వు. వాసన పోకుండ."

"సరేనండీ. ఈసారి చెప్తాను."

కాసేపు ఊపిరి తీసుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. నేను తుడిచాను.

"అంతమంది చెప్పిన్రు నాకు. సగం సగం. ఒక్కరి కాడికైన తెల్లారి పోయి మిగతాది అడగలే. ఇంకో కేసుంటుండె, ఇంకో కేసుంటుండె," అంది. "ఇట్ల పోయి అడగొచ్చని నాకు తోచనే లేదే."